డ్రిల్లు పాడైన వారం

మా ల్యాబులో మేడమ్‌ని అందరూ పుర్రెల మేడమ్ అనేవారు, ఆవిడ వినేలాగే. మెదడు డాక్టరైన ఆవిడ ఇరవై రెండేళ్ల పరిశోధన ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది: తలకు దెబ్బ తగిలితే లోపల మెదడుకు ఏమవుతుంది? నా పని లెక్కపెట్టడం. మత్తిచ్చిన ఎలుకల పుర్రెకు డ్రిల్లుతో చిన్న కిటికీ తెరిచి, కొలిచిన దెబ్బ తగిలించేవాళ్లం. తర్వాత వాటి మెదడును ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగు వేసి, గాజు స్లైడ్ల మీద పరిచి, మైక్రోస్కోపులో చచ్చిన కణాలను నేను లెక్కపెట్టేవాణ్ణి. అందుకే నాకు లెక్కల మాస్టారు అని పేరు పడింది.

ఏ స్లైడు ఏ ఎలుకదో నాకు తెలియకూడదు. మేడమ్ వాటి మీద ఉత్త నంబర్లు వేసి, అసలు జాబితాను కవర్లో పెట్టి బీరువాకు తాళం వేసేవారు.

"మీరు మంచివారు మాస్టారూ. మంచివాళ్లకు ఎదుటివాళ్లు కోరుకున్నదే కనిపిస్తుంది. అందుకే మీ కళ్లకు ఈ గంతలు," అనేవారు.

పోల్చి చూడటానికి కొన్ని 'మంచి' ఎలుకలు ఉండేవి. వాటికీ మత్తిచ్చి, పుర్రెలో కిటికీ తెరిచి, దెబ్బ మాత్రం కొట్టకుండా కుట్టేసేవాళ్లం. దెబ్బ తప్ప మిగతాదంతా సమానంగా ఉండాలి కదా. అలా చూస్తే తేలిక దెబ్బ తిన్న ఎలుకకూ, మంచి ఎలుకకూ తేడా కనపడలేదు. మేడమ్‌కు పేరు తెచ్చిన పరిశోధన పేపరు అదే. అందులోని మాట కింది అంతస్తులో ఆసుపత్రి ఎమర్జెన్సీ గోడకు ఎక్కింది. పెద్ద ఫ్రేములో, ఆవిడ పేరుతో సహా: "స్పృహ తప్పని తేలిక దెబ్బ మెదడుకు హాని చేయదు. ధైర్యం చెప్పి ఇంటికి పంపండి."

నా భార్యకు ఆ గోడ ముందే ధైర్యం చెప్పి పంపారు. బస్సు మెట్ల మీద జారి తల కొట్టుకుంది. ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. వెలుతురు చూడలేకపోయేది. పొయ్యి వెలిగించి మరిచిపోయేది. సగం మాటలో ఆగి, మిగతా సగం కోసం నా మొహంలో వెతికేది. "పని ఎగ్గొట్టడానికి ఎన్ని వేషాలో," అనేది మా వదిన. పక్కింటాయన మాత్రం ఎవరూ అడక్కుండానే రేడియో గొంతు తగ్గించేశాడు. ఆయన్ని నేను ఇప్పటికీ తలుచుకుంటాను.

"ఏమీ లేదన్నారుగా, మరి ఇదేంటండీ?" అని తను నన్నే అడిగేది.

"మా మేడమ్ తేల్చి చెప్పారే, ఏమీ ఉండదని," అనేవాణ్ణి. ఎంత ధీమాగా అనేవాణ్ణో! తను గుండెపోటుతో పోయి మూడేళ్లయింది.

డ్రిల్లు మోటారు కాలిపోయింది ఆ తర్వాతే. మేడమ్ ఊళ్లో లేరు. ఇంకా ఆరు మంచి ఎలుకల పని మిగిలింది. తేదీ దాటితే వాటి వయసు మిగతావాటితో కలవదు. నా అంతట నేనే ఒక నిర్ణయం తీసుకుని, పుర్రె జోలికి పోకుండా చర్మం మాత్రం కోసి కుట్టేశాను. రిజిస్టరులో రాశాను కూడా: "డ్రిల్లు పాడు. పుర్రె తెరవలేదు." మేడమ్‌కు చెప్పడం మరిచిపోయాను. రిజిస్టరు ఎవరూ తిప్పలేదు.

నెలలు గడిచి, నా లెక్క పూర్తయి, కవరు తెరిచారు. అంకెలన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి, ఆరు తప్ప.

"ఈ ఆరూ ఏంటి మాస్టారూ, ఇంత శుభ్రంగా ఉన్నాయి?"

రిజిస్టరు తెచ్చి చూపించాను. ఆవిడ ఆ రెండు ముక్కలూ చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. చీవాట్లు తప్పవనుకున్నాను.

"డ్రిల్లు," అన్నారు చివరికి. "దాని అదురే చాలు మెదడును గాయపరచడానికి. ఇన్నేళ్లూ మనం మంచివనుకున్నవి దెబ్బ తిన్నవే. దెబ్బను దెబ్బతో పోల్చి, తేడా లేదని గోడకెక్కించాను."

మర్నాడే డైరెక్టరు నన్ను గదికి పిలిచి కూర్చోమన్నాడు. అంతకుముందు ఎప్పుడూ కూర్చోమనలేదు.

"స్లైడ్లు తారుమారయ్యాయని రెండు ముక్కలు రాసివ్వండి, పెద్దాయనా. ఈ వయసులో కళ్లు మోసం చేస్తాయి. మిమ్మల్నెవరూ ఏమీ అనరు. మీ మేడమ్ పరువూ దక్కుతుంది."

"నా కళ్లు బాగానే ఉన్నాయండి."

"పంతమా?"

"పంతమే అనుకోండి."

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో పైవాళ్లకు నేను ఎదురు చెప్పడం అదే మొదలు. బయటికొచ్చి గోడకు ఆనుకున్నాను. తలుపు దగ్గరి అటెండరు ఏమీ అడక్కుండా తన స్టూలు నా వైపు జరిపాడు.

మేడమ్‌కు అంతా చెప్పాను. నా భార్య సంగతీ చెప్పాను, మొదటిసారి. ఆవిడ క్షమించమనలేదు. "ఎన్నేళ్లు?" అన్నారు.

"ఆరు."

లేచి విసవిసా డైరెక్టరు గదికి నడిచారు. నేనూ వెనకే వెళ్లాను.

"మళ్లీ చేస్తాం," అన్నారు, నిలబడే. "ఇరవై నాలుగు ఎలుకలు. దేనికీ దెబ్బ ఉండదు. సగానికి డ్రిల్లు, సగానికి లేదు. స్లైడ్ల మీద నంబర్లు మీరే వేయండి. జాబితా మీ సొరుగులోనే ఉంచుకోండి. లెక్క మాత్రం మాస్టారిదే."

"పిచ్చి పట్టిందా మీకు? ఇన్నేళ్ల పేరు మట్టిలో కలుస్తుంది!"

"కలవనీయండి. పుర్రెల మేడమ్ అని ఇంకోటుందిగా, దాంతో సరిపెట్టుకుంటాను."

కొత్త డ్రిల్లుతో తొమ్మిది వారాలు పట్టింది. అన్నేళ్లలో నేనెప్పుడూ అంత నెమ్మదిగా లెక్కపెట్టలేదు. ఎటు తేలాలని నా మనసు కొట్టుకుంటోందో నాకు తెలుసు. అందుకే ప్రతి స్లైడూ రెండుసార్లు చూశాను. ఏది ఎవరిదో తెలియనందుకు ఆ గంతలకు దణ్ణం పెట్టుకున్నాను.

కవరు డైరెక్టరే తెరిచాడు. నా అంకెల పక్కన తన జాబితా పెట్టి, ఒక్కో వరస మీదా వేలు జరుపుకుంటూ వెళ్లాడు. డ్రిల్లు పెట్టిన పన్నెండింటిలోనూ చచ్చిన కణాలు, పెట్టని పన్నెండూ శుభ్రం. ఒక్కటీ అటూ ఇటూ కాలేదు. ఆఖరి వరస దాకా వెళ్లి, తలెత్తి మేడమ్ వైపు చూశాడు.

"ల్యాబు నిలబడదు. తెలుసా మీకు?"

"తెలుసు." మేడమ్ సంచిలోంచి టైపు చేసిన ఉత్తరం తీశారు. పాత పేపరు తప్పని, వెనక్కి తీసుకుంటున్నానని, దాన్ని అచ్చేసిన పత్రికకు రాసిన ఉత్తరమది. "మీ పెన్నొకసారి ఇవ్వండి."

ఆయన పెన్నుతోనే సంతకం చేసి, మూత పెట్టి మరీ తిరిగిచ్చారు. అక్కణ్ణించి తిన్నగా ఎమర్జెన్సీకి దిగాం.

"స్టూలు పట్టుకోండి మాస్టారూ."

యాభై ఎనిమిదేళ్ల మనిషి, చెప్పులు విడిచి స్టూలెక్కారు. నర్సు పరిగెత్తుకొచ్చింది. "అయ్యో మేడమ్! దాన్ని తీయాలంటే పైనుంచి ఆర్డరు రావాలి."

"రాసింది నేనమ్మా. తీసేదీ నేనే."

గోడ పక్క బెంచీ మీద ఒకామె కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నుదుటి మీద చిన్న బొప్పి. ఆమె భర్త చీటీ మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు.

"ఏమీ లేదన్నారుగా. లే, పోదాం."

మేడమ్ స్టూలు మీంచే వెనక్కి తిరిగారు, చేతుల్లో ఫ్రేముతో.

"ఉంది. కూర్చోండి. నేను చూస్తాను."

అతను కూర్చున్నాడు. మేడమ్ దిగేదాకా స్టూలు పట్టుకుని, తర్వాత వెళ్లి బెంచీ పైనున్న ట్యూబులైటు ఆర్పేశాను. కాసేపటికి ఆమె కళ్ల మీంచి చెయ్యి తీసింది.