ముక్కుపుడక తీసిన ముత్తయిదువ

కనకరత్నం గురక పెడితే తోటలో కొబ్బరికాయలు వాటంతట అవే రాలిపోతాయనీ, అందుకే తాను దింపువాళ్ళని పిలవడం మానేశాననీ ఆమె భర్త త్రిమూర్తులు మామిడికుదురు సెంటర్లో టీ తాగుతూ చెప్పేవాడు. ఓసారైతే ఆ గురక ధాటికి పెరటి కాలవలో నీళ్ళు ఎగువకి నడిచాయనీ, లాకుల దగ్గర మనిషి గొడుగు పారేసి పరిగెత్తాడనీ కూడా చెప్పాడు. మనిషి కథ చెప్పడంలో గట్టివాడే, కాదనడానికి లేదు. వినేవాళ్ళు టీ ఒలకబోసుకుని మరీ నవ్వేవారు. ఆ నవ్వు సెంటర్లోనే ఆగిపోతే గొడవ లేకపోయేది. సైకిలెక్కి, పాలకేంద్రం దాటి, ఆమె వంటింటి గుమ్మం దాకా వచ్చేది. "రాత్రి మీ తోటలో ఎన్ని రాలేయండీ రత్నమ్మగారూ?" అని కూరలమ్మే దానమ్మ కూడా అడిగింది. కనకరత్నమూ నవ్వింది. నవ్వకపోతే ఉడుక్కుందంటారు.

నవ్వేసి కోరాం ముందు కూర్చుని కొబ్బరి కోరేది. కోరుతూ కోరుతూనే కళ్ళు మూతలు పడేవి. చిప్ప జారేది, వేలు తెగేది. "రాత్రంతా గుర్రు పెట్టి పడుకున్నావు కదే, పట్టపగలు ఈ కునికిపాట్లేంటి? ఒళ్ళు బద్ధకం కాకపోతే!" అనేది అత్తగారు సత్యనారాయణమ్మ. కనకరత్నానికి ఆ మాట నిజమేననిపించేది. పడుకోవడం పడుకుంటూనే ఉంది కదా, మరి లేచేసరికి ఈ ఒళ్ళు ఎవరిదో మోస్తున్నట్టు ఎందుకుంటుంది? నాలుగేళ్ళ నుంచీ ఇదే వరస. ఎసరు మరుగుతుంటే చూసి ఏడుపొచ్చేది. పిల్లలిద్దరూ కాకినాడ హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే మాట్లాడాలనిపించేది కాదు, మాట్లాడలేదే అని మళ్ళీ ఏడుపొచ్చేది. అమలాపురం డాక్టరు దిగులుకని మాత్రలిచ్చాడు. అవి మింగితే ఏడుపు తగ్గింది, బరువు తగ్గలేదు. "తిండికి లోటా, గుడ్డకి లోటా? ఇంకేం దిగులే నీకు?" అని త్రిమూర్తులు అడిగితే, ఉన్న లోటేమిటో వెతుక్కునేది. దొరికేది కాదు. దొరక్కపోయేసరికి తనకి విశ్వాసం లేదనుకునేది. రేవులో బట్టలు జాడిస్తూ, చావాలని కాదు గానీ, రేపు లేవక్కర్లేకపోతే ఎంత బావుణ్ణో అని నీళ్ళకేసి చూసేది.

పెళ్ళిళ్ళలో మాత్రం ఆమెకి గొప్ప పేరుండేది. రెండు రాత్రులు నడుం వాల్చకుండా కూరలు తరిగి, పిండి రుబ్బి, తెల్లారేసరికి కాఫీ అందించే మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరు లేరు. "మా రత్నం రాక్షసి అండీ బాబూ, నిద్రే పోదు" అని మెచ్చుకునేవారు. నిద్ర ఎందుకు పోదో ఎవరికీ తెలీదు. నలుగురు ఆడవాళ్ళ మధ్య చాప మీద పడుకుంటే గురక వినపడుతుందని సిగ్గు. ఆ సిగ్గు దాచుకోవడానికి కత్తిపీట ముందు కూర్చునేది.

రెండు వేల నాలుగులో బావగారి కూతురు ప్రశాంతి పెళ్ళిలోనూ అలాగే కూర్చుంది. మూడోనాడు తలంబ్రాల వేళకి కుర్చీలో వెనక్కి పడి, నోరు తెరిచి నిద్రపోయింది. వీడియో తీసేవాడికి పెళ్ళికొడుకు కన్నా ఆ దృశ్యం నచ్చినట్టుంది, కదలకుండా అక్కడే నిలబడి తీశాడు.

నెల తిరక్కుండా వియ్యాలవారు భోజనానికి వచ్చినప్పుడు ఆ సీడీ వేశారు. ఆ ముక్క రాగానే హాలు ఘొల్లుమంది. "ఇది చూడండి, ఇది! సన్నాయి ఓడిపోయిందండీ మా ఆవిడ ముందు!" అన్నాడు త్రిమూర్తులు. పెళ్ళికొడుకు అక్క లావణ్య, విశాఖపట్నంలో ఊపిరితిత్తుల డాక్టరు, ముందుకి వంగింది.

"బాబాయిగారూ, ఒకసారి వెనక్కి తిప్పండి."

తన జోకు పండిందని త్రిమూర్తులు సంబరంగా తిప్పాడు. తెర మీద గురక ఆగిన చోట లావణ్య చేతి గడియారం చూస్తూ పైకే లెక్కపెట్టడం మొదలెట్టింది. పది దాకా ఎవరో కిసకిసమంటూనే ఉన్నారు. పదిహేను దగ్గర ఆ చప్పుడూ ఆగింది. ఇరవై మూడు దగ్గర తెర మీద కనకరత్నం ఒక్కసారి ఎగిరిపడి గాలి పీల్చుకుంది.

"ఇరవై మూడు సెకన్లు పిన్నిగారు ఊపిరే తీసుకోలేదండీ. ఇందులో నవ్వేందుకేం లేదు. నిద్రలో గొంతు మూసుకుపోతోంది. ఊపిరి ఆగగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. రాత్రికి వందలసార్లు ఇలాగే జరుగుతుంటుంది. ఈవిడ పడుకుంటున్నారు గానీ నిద్రపోవట్లేదు. మనసు బాగోకపోవడం, ఊరికే ఏడుపు రావడం లాంటివి ఉన్నాయా?"

కాఫీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ కనకరత్నం ఒక్కటే అడిగింది. "అయితే అమ్మా, నాది బద్ధకం కాదా?"

విశాఖలో ఒక రాత్రి ఒంటినిండా తీగలు తగిలించి పరీక్ష చేశారు. మిషను వచ్చింది. టిఫిన్ క్యారేజీ అంత పెట్టె, దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకి తగిలించుకునే తొడుగు. రాత్రంతా అది గాలి ఊదుతుంటే గొంతు మూసుకుపోదు. దిగులులో చాలా భాగం దీనివల్లే అయ్యుండొచ్చని, అయినా మాత్రలు తనంతట తను మానకూడదని లావణ్య చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. ముక్కుపుడక తీసెయ్యాలి, అది ఉంటే తొడుగు అతుక్కోదు.

సత్యనారాయణమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. "పుణ్యస్త్రీ పుడక తీసి పక్కెక్కుతుందా? నా కొడుకు ఊపిరికి ముప్పు. రేపు పుస్తెలు కూడా తియ్యమంటుంది ఆ డాక్టరమ్మ, తీస్తావా?"

"నాకు పట్టింపు లేదు రత్నం. అమ్మ బాధపడుద్దని," అన్నాడు త్రిమూర్తులు. "పుడక ఉంచుకునే పెట్టుకో. అంత మిషను ఇంత పుడకకి ఓడిపోద్దా?"

ఓడిపోయింది. పుడక సందులోంచి గాలి ఈలవేస్తూ పోయి కళ్ళలో కొట్టేది. నెల గడిచేసరికి మునుపటికన్నా అధ్వాన్నమైంది. మునుపు ఆశన్నా లేదు, ఇప్పుడు ఆశ పడి విరిగింది. ఇంత మిషనూ బాగుచెయ్యలేదంటే ఇక లోపం తనలోనే ఉందనుకుంది. ఫోన్లో లావణ్య "పుడక తీసేరా పిన్నిగారూ?" అని అడిగితే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంది. "తియ్యకపోతే మీరు మిషను పెట్టుకోనట్టేనండీ" అంది లావణ్య.

ఆ మధ్యాహ్నం బియ్యం ఏరుతూ కనకరత్నం చాలాసేపు ఆలోచించింది. పుడక తీస్తే ఆయన ఊపిరికి ముప్పంటున్నారు. ఉంచితే నా ఊపిరి ఆగుతోంది. ఆయనకి రాబోయే ముప్పు ఎవరూ చూడలేదు. నాకొచ్చింది మాత్రం ఇంటిల్లిపాదీ టీవీలో చూశారు, వెనక్కి తిప్పించుకుని మరీ చూశారు. అయినా ఈ ఇంట్లో ఆయన గురించిన భయానికి ఉన్న విలువ నా ఊపిరికి లేదు. ఇరవై రెండేళ్ళు ఈ పుడక పెట్టుకుని నేను కాపాడింది ఎవరిని? మరి నన్నెవరు కాపాడాలి? చేటలో బియ్యం అయిపోయాయి. లేచి చెప్పులేసుకుంది.

కంసాలి గంగయ్య అద్దాలు పైకి తోసుకుని చూశాడు. "ఈ మర బిగించింది మా నాన్నండీ. పెళ్ళినాటిదేనా? అరిగిందా అమ్మా, మార్చమంటారా?"

"తియ్యాలి."

గంగయ్య చేతిలో పటకారు ఆగింది. "కుట్టించుకోడానికొస్తారు, మార్చుకోడానికొస్తారు. మొగుడు బతికుండగా తీయించుకోడానికి ఎవరూ రాలేదమ్మా నా దగ్గరికి."

"ఆయ్, ఆయన బతికే ఉన్నారు గంగయ్యగారూ. నేనూ బతుకుదామని."

గంగయ్య అద్దాలు కిందికి దించుకున్నాడు. నూనెచుక్క వేసి, కాసేపు ఆగి, మర తిప్పాడు.

సత్యనారాయణమ్మ రెండ్రోజులు కోడలి చేతి కాఫీ ముట్టలేదు. మూడోనాటికి తలనొప్పి పట్టుకుంటే తాగింది. ఊరంతా త్రిమూర్తులుకి ఏమవుతుందా అని కనిపెట్టుకుని చూసింది. ఆరునెలలైనా మహానుభావుడికి జలుబు కూడా చెయ్యలేదు. పైగా తన భార్య రాత్రిళ్ళు విమానం నడుపుతుందని సెంటర్లో కొత్త కథ ఎత్తుకున్నాడు.

కనకరత్నానికి మార్పు ఒక్కసారిగా తెలియలేదు. ఓ పొద్దున పప్పులో ఉప్పు వేసింది. వేసినట్టు గుర్తుంది! పిల్లలకి తనే ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. కూరలు తరుగుతూ ఏడవడానికి ఉల్లిపాయలు కావలసొచ్చాయి. ఇంకో సంగతి కూడా జరిగింది. అదివరకు ఇంట్లో మాటలు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుండేవి. ఇప్పుడు ఒక్కో మాటా దాని అంచులతో సహా వినపడుతోంది.

ఆరునెలల పరీక్షకి విశాఖ వెళ్ళారు. లావణ్య కాగితం ముందు పెట్టుకుంది.

"నిద్ర ఎలా ఉంది పిన్నిగారూ?"

"బ్రహ్మాండమండీ," అన్నాడు త్రిమూర్తులు.

"పగలు కునుకు వస్తోందా?"

"అబ్బే, ఇప్పుడు మమ్మల్నే పడుకోనివ్వట్లేదు."

"దిగులు?"

"మిషను వచ్చేక ఇంకేం దిగులండీ! శుభ్రంగా తగ్గిపోయింది."

లావణ్య రాయలేదు. కనకరత్నం వైపే చూస్తోంది. కనకరత్నం తొందరపడలేదు. వరదల్లో కాలవకి ఎర్రనీళ్ళొస్తే, బిందెలో పట్టి ఇండుపుగింజ అరగదీసి కలుపుతారు. మడ్డి దిగి నీళ్ళు తేరుకున్నాక అడుగున ఏముందో కనపడుతుంది. ఇన్నాళ్ళూ తన దిగులంతా ఒకే ఎర్రనీళ్ళు. ఊపిరాడక వచ్చినదేదో తేరుకుంది. పొద్దున్నే లేవాలంటే ఉండే బరువు లేదు, కారణం లేని ఏడుపు లేదు. ఇప్పుడు అడుగున ఉన్నవి కనపడుతున్నాయి. ఒక్కోదానికీ ఆకారం ఉంది, ఎవరు ఎప్పుడు వేశారో కూడా తెలుస్తోంది.

"తగ్గిందమ్మా, చాలా తగ్గింది," అంది. "మిగిలింది కూడా ఉంది. అది ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది."

"చెప్పండి పిన్నిగారూ."

"చెప్తాను," అని కనకరత్నం కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది. "ముందు మీ బాబాయిగారిని కాసేపు బయట కూర్చోమనమ్మా."