ఒక ఆక్సిజన్ ఎక్కువ

మా ల్యాబ్‌లో ఒక ఆనవాయితీ ఉంది. పరీక్షకొచ్చిన గొట్టం మన ఇంటి మనిషిదైతే "నాది" అని పక్కకు తప్పుకోవాలి. ఇంకేమీ అడగరు. వేరొకరు వచ్చి పని అందుకుంటారు.

అక్క ఎముక మజ్జ వచ్చిన ఉదయం నేను ఆ మాట అనలేదు. ఎవరికివ్వమంటారు చెప్పండి? పక్క బల్ల దగ్గర పిల్లకి పని మీద కన్నా ఫోను మీదే ధ్యాస. ఇక మిగిలింది చాదస్తం. అందరికన్నా పెద్దాయన. తుమ్మితే గ్లోవ్స్ మార్చు, తలుపు ముట్టుకుంటే గ్లోవ్స్ మార్చు అని ప్రాణం తీస్తాడని ఆ పేరు పెట్టాం. ఆయన నత్తనడక చూస్తూ గోళ్ళు కొరుక్కోవడం నా వల్ల కాదనుకున్నాను. గొట్టం మీద పేరుండదు, అంకె మాత్రమే. అది అక్కదని ఎవరికీ తెలియలేదు.

అక్కది రక్తానికి సంబంధించిన జబ్బు. రెండు జన్యువులు తెగి, ఒకదానికొకటి తప్పుగా అతుక్కున్నాయేమోనని డాక్టరమ్మ అనుమానం. అతుకు ఉంటే దానికి మాత్ర ఉంది, అక్క బతుకుతుంది. లేకపోతే ఉన్న మందులన్నీ గుడ్డిగా వేసి చూడాల్సిందే. ఆ అతుకు జాడ కణాల్లోని ఆర్‌ఎన్‌ఏలో దొరుకుతుంది. తుంటి ఎముకలోకి సూది దించి లాగితే కాస్తంత మజ్జ వచ్చింది, దాచుకోవడానికి మిగల్లేదు. అక్క అరుపు వరండాలో ఉన్న నాకు వినిపించింది. "ఇంకోసారి మాత్రం చంపినా వద్దే," అంది తర్వాత.

డీఎన్‌ఏ అయితే నాకింత భయం ఉండేది కాదు. అది మొండిది, ఎండిన నెత్తుటి మరకలో కూడా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఆర్‌ఎన్‌ఏ దాని తోబుట్టువే. చక్కెర, ఫాస్ఫేట్, మళ్ళీ చక్కెర, మళ్ళీ ఫాస్ఫేట్, అలా ఒక గొలుసు. ప్రతి చక్కెరకీ జన్యు సందేశంలోని ఒక అక్షరం. కానీ ఆర్‌ఎన్‌ఏ చక్కెరకి ఒక ఆక్సిజన్ ఎక్కువ. అదే పక్కనున్న ఫాస్ఫేట్ మీదికి తిరగబడి తన గొలుసును తానే తెంపుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. దాన్ని ఉసిగొలిపే ఎంజైమ్ మన చెమటలో, కన్నీళ్ళలో, చర్మం మీద ఉంటుంది. మనిషి చెయ్యి తగిలితే చాలు, పోయినట్టే.

శుద్ధి చేసిన ఆర్‌ఎన్‌ఏ గొట్టం మంచు మీద ఉంది. మూత తీశాను. కళ్ళు మసకబారాయి. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. జారిన కళ్ళజోడును గ్లోవ్ వేసుకున్న వేలితోనే పైకి తోశాను, కన్నీటి తడి దానికి అంటింది. అదే వేలు మూత లోపలికి తగిలింది.

తగిలీ తగలకుండా తగిలిందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, ఉన్నదంతా మెషిన్‌లో పెట్టేశాను.

తెర మీద ఒక్కొక్కరికి రెండు గీతలు ఉంటాయి. ఒకటి అతుకుది, అతుకు ఉంటేనే లేస్తుంది. రెండోది మేం సాక్షి అని పిలుచుకునేది, ప్రతి మనిషి కణాల్లోనూ ఉండే మామూలు జన్యువుది. సాక్షి లేస్తేనే ఆర్‌ఎన్‌ఏ బాగున్నట్టు. మిగతా రోగుల గీతలు ఒక్కొక్కటే పైకి లేచాయి. అక్కవి రెండూ నేలబారుగానే ఉన్నాయి. సాక్షి గీత వైపు చూడటానికే భయం వేసింది.

చాదస్తం నా వెనక నిలబడి తెర చూశాడు.

"ఇది పాడైందమ్మాయ్. ఎవరిదో పాపం. అతుకు లేదని మాత్రం రాయకు. ఉందో లేదో మనకి తెలీదు, అంతే."

"నాది సార్," అన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు.

"ఎవరు?"

"మా అక్క."

"మందులు మొదలెట్టకముందే మళ్ళీ తీయించు. మొదలెడితే ఆ కణాలు దొరకవు. పద, నేనూ వస్తా."

వార్డు పై అంతస్తులోనే. అక్క నన్ను చూడగానే లేచి కూర్చుంది.

"ఏమైందే? ఉందా, లేదా?"

"తెలీదక్కా. నేనే పాడుచేశాను. కళ్ళజోడు ముట్టుకున్న వేలు గొట్టానికి తగిలింది."

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెయ్యి తుంటి మీది కట్టు దగ్గరికి వెళ్ళింది.

"మళ్ళీ సూదా?"

"మళ్ళీ సూదే."

"చిన్నప్పట్నుంచీ అంతేనే నువ్వు. నా జడ కూడా అమ్మని వెయ్యనిచ్చేదానివి కాదు, నేనే వేస్తానని చిక్కులు చేసి పెట్టేదానివి." కళ్ళు తుడుచుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. "డాక్టరమ్మని రమ్మను. ఈసారి నువ్వు ఆ గొట్టం జోలికెళ్ళకు."

"మరి నేనేం చెయ్యనక్కా?"

"నా చెయ్యి పట్టుకో. ఆ తొడుగులు తీసేసి."

అప్పుడు చూసుకున్నాను, గ్లోవ్స్‌తోనే వచ్చేశాను. ఊడబెరికి పారేశాను. డాక్టరమ్మ వచ్చింది, సూది దిగింది. అక్క గోళ్ళు నా అరచేతిలో దిగాయి. తలుపు దగ్గర చాదస్తం కొత్త గ్లోవ్స్ వేసుకుని మంచు డబ్బాతో నిలబడ్డాడు. గొట్టం ఆయన చేతికి వెళ్ళింది. నేనటు చూడలేదు. మా ఇద్దరి చేతులూ చెమటతో ముద్దయిపోయాయి.