కాస్త తగ్గించు అచ్చిబాబూ

పొయ్యిలోంచి ఇనుప పట్టా మీద వరసగా వస్తున్న ఖుబ్బూసు రొట్టెల్ని అచ్చిబాబు రెండు చేతులా ఎత్తి బల్ల మీద పరుస్తున్నాడు. పొంగి వచ్చిన రొట్టె బల్ల మీద పడగానే ఆవిరి వదిలి చప్పబడుతుంది. అది చల్లారేలోపు ఇంకో నాలుగు వచ్చి పడతాయి. పొట్టి మనిషి, బానపొట్ట, మెడ ఉందా లేదా అన్నట్టుంటుంది. కనుబొమల మీద పిండి, చెవుల మీది వెంట్రుకల్లో పిండి. చంకల కింద చొక్కా తడిసి, ఆ తడికి పిండి అంటుకుని, ఎండి అట్ట కట్టింది. చేతులు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినంత పెద్దవి. వేళ్ల కొసలు వేడికి మొద్దుబారాయి గానీ అరచేతులు ఇంకా మెత్తగానే ఉన్నాయి. ఆ చేతుల్ని దేవుడు డోలక్ కోసం చేశాడనీ, రొట్టెలకి అద్దెకిచ్చాడనీ అతని నమ్మకం.

వెనక పొయ్యికి గాలి కొట్టే పంకా, పక్కన పిండి కలిపే యంత్రం, కింద పట్టాను తిప్పే గొలుసు. ఈ మూడింటి రొదలోనే, కువైట్‌లో రిగ్గై పేటలోని ఆ బేకరీలో అతనికి పదిహేనేళ్లకు పైగా గడిచిపోయాయి. ఎదురుగా పిండి ముద్దలు వేసే బాలసుబ్బయ్య కడప మనిషి. ఏం చెప్పాలన్నా చేత్తోనే చెబుతాడు. రొట్టె మాడుతోందంటే ముక్కు పట్టుకుంటాడు, టీ తాగుదామంటే బొటనవేలు నోటికి చూపిస్తాడు. ఇద్దరి స్నేహమూ ఆ సైగల మీదే నడిచింది.

ఇరాకీ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల దాటింది. బేకరీ యజమాని పిల్లల్ని కారులో కుక్కుకుని సౌదీ వైపు పోతూ, తాళాలు బాలసుబ్బయ్య చేతిలో పెట్టి, పిండి ఉన్నన్నాళ్లు కాల్చమన్నాడు. దజీజ్ గోదాముల నుంచి ఎవరో ఒకరు బస్తాలు తెచ్చి పడేస్తున్నారు. బయట వరసలో కువైటీలు, పాలస్తీనా వాళ్లు, బెంగాలీలు అందరూ ఒకే ఎండలో నిలబడుతున్నారు. గుమ్మం దగ్గర తుపాకీ పట్టుకున్న కుర్ర సైనికుడు కూడా ఆ రొట్టే తింటున్నాడు. అచ్చిబాబుకి దీని మీద పెద్ద అభిప్రాయాలేమీ లేవు. ఎవరొచ్చి రాజ్యం చేసినా పొయ్యి దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి గదా అనుకునేవాడు.

అతని అభిప్రాయాలన్నీ డోలక్ గురించే. కోనసీమలో, ముమ్మిడివరం దగ్గర వాళ్ల పేటలో గుడికి రేకుల కప్పు. వాన పడిందంటే పాస్టరుగారి ప్రసంగం పాస్టరుగారికే వినపడేది కాదు. ఆ వాన మీద గెలవగలిగింది అచ్చిబాబు డోలక్ ఒక్కటే. "నీ దెబ్బలకి సచ్చిన మేక మళ్లీ అరుత్తాది" అనేది భార్య సూరాయమ్మ. అతను కువైట్ వచ్చిన మరుసటేడు ఆమె ఊళ్లోనే జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. ఆ కబురు తెలిసిన శుక్రవారం కూడా అతను ఆరాధనకి వెళ్లాడు, వాయించాడు. ఏడవడం అతనికి అంతకంటే బాగా రాదు.

ఇక్కడ ఆరాధన శుక్రవారమే, సెలవు ఆ రోజే గనక. యుద్ధానికి ముందు సిటీలో ఒక చర్చి హాలు అద్దెకి తీసుకుని తెలుగువాళ్లు కలిసేవారు. మైకులుండేవి, పెద్ద డబ్బాలంత స్పీకర్లుండేవి. వాటన్నిటి మీదా అచ్చిబాబు డోలక్ వినపడేది. చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచేవారు, తలనొప్పి మాత్రలు సంచిలో పెట్టుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. సంఘ పెద్ద దేవసహాయం ఏసీలు బాగుచేసే మెకానిక్కు, కడప వాడు, మర్యాదస్తుడు. ప్రతి పాటకీ మధ్యలో వంగి, "కాస్త తగ్గించు అచ్చిబాబూ" అనేవాడు. ఓసారి ఓర్పు నశించి, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని అందరి ముందూ అన్నాడు. అచ్చిబాబు ఊరుకోలేదు. "పరలోకంలో బూరలూదే దూతలకి కూడా ఇలాగే సెప్తారేటండీ?" అని ఎదురడిగాడు. ఆ వారం సంఘం రెండుగా చీలినంత పనైంది. సగంమంది డోలక్ పక్షం, సగంమంది తలనొప్పి పక్షం.

ఇప్పుడు ఆ తగాదా లేదు. సిటీకి వెళ్లే దారిలో చెక్‌పోస్టులు పెట్టాక ఆరాధన రిగ్గైలోనే, దేవసహాయం ఉండే మూడో అంతస్తు గదిలో జరుగుతోంది. కిటికీలు మూసి, దుప్పట్లు వేలాడదీసి, పాటల్ని గుసగుసల్లా పాడుకుంటున్నారు. వీధి చివరి బడిలో సైనికులు దిగారు. పోయిన వారం పక్క వీధిలో ఎవరో పదిమంది ఒక గదిలో కూడారని తలుపు తన్ని మగవాళ్లని పట్టుకుపోయారు. వాళ్లు ఎక్కడున్నారో ఇప్పటికీ తెలియదు. డోలక్ ఈ గదికి వచ్చినప్పటినుంచీ గుడ్డ కప్పుకుని దేవసహాయం మంచం కింద ఉంది.

రేపు సంఘంలో చాలామంది బస్సెక్కుతున్నారు. బాగ్దాద్ మీదుగా అమ్మాన్, అక్కణ్ణించి విమానంలో బొంబాయి. అందుకే ఇవాళ ఒక్క పాటకైనా డోలక్ ఉండాలని సత్యలక్ష్మి పట్టుబట్టింది. ఆమెది రాజోలు పక్క, ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. సంఘంలో గొంతంటే ఆమెదే. దేవసహాయం రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు.

"ఒక్క పాట. మెల్లంగ. శబ్దం కిటికీ దాటిందంటే మనందరమూ ఖలాస్" అన్నాడు.

అచ్చిబాబుకి పొద్దుట్నుంచీ పండగలా ఉంది. ఇప్పుడు పొయ్యికి శుక్రవారమూ సెలవు లేదు గనక, రొట్టెలు తీస్తూనే బల్ల అంచు మీద వేళ్లాడిస్తున్నాడు. అప్పుడే పట్టా ఆగిపోయింది.

"సుబ్బయ్యా, గొలుసు తెగిందేటో సూడు!" అని తలెత్తి కేకేశాడు.

వరసలో ఉన్న జనం ఉలిక్కిపడ్డారు. గుమ్మం దగ్గర సైనికుడి చెయ్యి తుపాకీ మీదికి పోయింది. బాలసుబ్బయ్య పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి అచ్చిబాబు నోరు మూశాడు. తర్వాత ఏదో అన్నాడు. పెదవులు ఆడడం కనిపించింది గానీ మాట అందలేదు.

"ఏటీ?"

బాలసుబ్బయ్య పంకా వైపు, పిండి యంత్రం వైపు వేలు చూపించాడు. అన్నీ ఆగి ఉన్నాయి. కరెంటు పోయింది. బేకరీ అంతా నిశ్శబ్దంగా ఉంది. అచ్చిబాబుకి మాత్రం ఆ రొద అలాగే, తలలో ఎక్కడో, ఆగకుండా తిరుగుతోంది.

చెవి దగ్గర నోరు పెట్టి బాలసుబ్బయ్య అన్నాడు. "నీకు చెవులు పోయినాయప్పా. ఎన్నాళ్లనుంచో మరి. ఈ మిషన్ల కాడ మనకు తెలీల్యా."

అచ్చిబాబు పిండి బస్తా మీద కూర్చున్నాడు. ముందు నవ్వొచ్చింది. దేవసహాయం చెప్పిన శంఖం సామెతకి తానెంత పోట్లాడాడో గుర్తొచ్చి, పొట్ట కదిలేలా నవ్వాడు. ఆ మహానుభావుడు తిట్టాననుకున్నాడు, నిజం చెప్పాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. తనెంత గట్టిగా కొడుతున్నాడో తనకి తెలియదు. ఇవాళ గదిలో ముప్ఫైమంది దాకా ఉంటారు. వాయించకపోతే రేపటినుంచీ వినేవాళ్లుండరు. వాయిస్తే, వాళ్లు రేపు బస్సెక్కుతారో లేదో. అతనికి గట్టిగా భయం వేసింది.

మధ్యాహ్నం నమాజు అయి వీధులు ఖాళీ అయ్యాక, రొట్టెల సంచి చంకన పెట్టుకుని దేవసహాయం గదికి వెళ్లాడు. ఒకరి తర్వాత ఒకరు, మెట్ల మీద ఎడం ఎడంగా వస్తున్నారు. సత్యలక్ష్మి చాప పరుస్తోంది. తన గొంతు ఎంత పెద్దదో తెలియక, అచ్చిబాబు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడాడు.

"నేను వాయించనమ్మా. నాకు సెవులు లేవంట. ఎంత కొడతన్నానో నాకే తెలవదు. మీ అందరి పేణాలూ నా సేతిలో పెట్టకండి."

సత్యలక్ష్మి చాప వదిలేసి అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. అతను చదువుకునేలా పెదవులు నిదానంగా కదిలించింది.

"మీకు తెలవకపోతే నాకు తెలుత్తాది కదా అన్నయ్యా. నేను పాడేటప్పుడు కళ్లు మూసుకుంటాను. మీ దెబ్బ పెద్దదైతే తెరుత్తాను. మూసుకున్నంతసేపూ మీరు సరిగ్గా వాయిత్తన్నట్టే."

వెనక నిలబడి దేవసహాయం అంతా విన్నాడు. కిటికీ దుప్పటి పక్కకి తీసి బడి వైపు చూశాడు, మళ్లీ మూశాడు. వెళ్లి మంచం కింది డోలక్ తెచ్చి అచ్చిబాబు ఒళ్లో పెట్టాడు. ఇన్నేళ్లలో ఆ మనిషి దాన్ని స్వయంగా ముట్టుకోవడం అదే మొదటిసారి.

చప్పుడు అణగడానికి డోలక్‌కి రెండు వైపులా తువ్వాలు కట్టారు. అరచేతులు వాడకుండా వేళ్ల కొసలతో మొదలుపెట్టాడు అచ్చిబాబు. సత్యలక్ష్మి కళ్లు మూసుకుంది. పెదవులు విడివడ్డాయి. పాట మొదలైందని అతనికి అందువల్ల తెలిసింది.

తలలో రొద తప్ప ఏమీ లేదు. వేళ్ల కింద తోలు అదురుతోంది, అంతే. అంత మెత్తగా వాయించడం అతని ఒంటికి అలవాటు లేదు. పెద్ద బరువు మోస్తున్నట్టు భుజాలు లాగుతున్నాయి, చెమట కారుతోంది. ఎడమ చెయ్యి జబ్బ దాకా సలుపుతోంది. అయినా కళ్లు మాత్రం సత్యలక్ష్మి కళ్ల మీదినుంచి తిప్పలేదు. రెప్పలు దించే ఉన్నాయి. ఆమె పక్కన ఒక ముసలాయన మోకాలు తాళం వేస్తోంది. దాని వెనక ఇంకో రెండు మోకాళ్లు. అన్నీ ఒకేసారి పడుతున్నాయి. తన చేతిలోంచి పోయిన తాళమే వాటిల్లో కదులుతోందని చూసి అచ్చిబాబుకి గుండె నిండిపోయింది.

రెండో చరణంలో ఆమె కళ్లు తెరిచింది.

అతని చేతులు గాల్లోనే ఆగిపోయాయి. తప్పు చేశాననుకున్నాడు. గదిలో అందరి నోళ్లూ మూతపడ్డాయి, అందరి తలలూ కిటికీ వైపు తిరిగాయి. దేవసహాయం చూపుడువేలు కిందికి చూపించాడు. వీధిలో జీపు ఆగింది. ఒక తల్లి పిల్లాణ్ణి రొమ్ముకి అదుముకుంది. ఎవరూ కదల్లేదు. అచ్చిబాబు ఊపిరి కూడా చప్పుడు చేస్తుందేమోనని బిగబట్టాడు. తను చేసే చప్పుడే తనకి తెలియదు గదా మరి. చాలాసేపటికి దేవసహాయం భుజాలు వదులయ్యాయి, చెయ్యి ఊపాడు. జీపు వెళ్లిపోయింది.

"నీది గాదులే, వాయించు" అన్నట్టు అచ్చిబాబు వైపు తల ఊపాడు.

సత్యలక్ష్మి మళ్లీ కళ్లు మూసుకుంది. ఈసారి పాట అయ్యేదాకా తెరవలేదు. ఆఖర్న ఆమె చెంపల మీదికి నీళ్లు జారాయి గానీ రెప్పలు కదల్లేదు. ఒక్క దెబ్బ కూడా తన చెవిన పడకుండా పాట మొత్తం వాయించాడు అచ్చిబాబు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదని అతనికి తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత ప్రార్థన. ప్రయాణమయ్యే ఒక్కొక్కరి పేరూ పెట్టి దేవసహాయం ప్రార్థించాడు, అది పొడుగే అయింది. అచ్చిబాబు గోడకి జారబడ్డాడు. చెయ్యి డోలక్ మీదే ఉంది. గడ్డం గుండె మీదికి వాలింది. ప్రార్థనలో కునుకు తియ్యడం అతనికి పాత అలవాటే. తెల్లవారక ముందే లేచే బేకరీ మనిషని ఎవరూ తప్పు పట్టేవారు కాదు. పక్కనున్న ముసలాయన అతని మొహంలో నవ్వు చూసి తనూ నవ్వుకున్నాడు.

ఆమెన్ అయ్యాక ఇద్దరిద్దరుగా బయల్దేరారు. గుమ్మం బయట ఇన్ని జతలు కనబడితే గదిలో మంది ఉన్నారని తెలిసిపోతుందని ఈ మధ్య చెప్పులు వంటగదిలో విడుస్తున్నారు. అక్కడే ఎవరివి వాళ్లు వెతుక్కుని, చేత పట్టుకుని, మెట్లు దిగాక తొడుక్కుంటున్నారు. సత్యలక్ష్మి ఆఖర్న మిగిలింది. వెళ్లొస్తానని చెప్పడానికి అచ్చిబాబు ముందు వంగింది.

"అన్నయ్యా" అంది. అతను కదల్లేదు. వినపడదు కదా అని చెవి దగ్గర నోరు పెట్టి పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత ఆమె పిలిచిన పిలుపు మూడు అంతస్తులూ దాటి వీధిలోకి వినపడింది. దేవసహాయం పరుగెత్తుకొచ్చాడు. తగ్గించమని ఆమెకి చెప్పలేదు. అచ్చిబాబు పాదాల దగ్గర కూలబడి, తనూ గొంతెత్తి ఏడ్చాడు.

వంటగదిలో గ్యాసుబండ పక్కన ఒక్క జత హవాయి చెప్పులు మిగిలాయి. మడమల దగ్గర అరిగి పలచబడ్డాయి, పట్టీల సందుల్లో పొద్దుటి పిండి ఇంకా తెల్లగా ఉంది.