ఎలుగుబంటి కింద చీటీ

రైలు మారడానికి మూడు గంటల వ్యవధి ఉంది. స్టేషన్లోనే కూర్చుందామంటే హాల్వర్ హెడ్లుండ్ ససేమిరా అన్నాడు.

"మ్యూజియం ఇక్కడికి నడిచేంత దూరమేగా. నా ఎలుగుని చూసిగానీ రైలెక్కను."

కూతురు తూరున్ సరేనంది. ఆరు వారాలుగా ఆమె అన్నిటికీ సరేనంటూనే ఉంది. తల్లి మేరెట్ ఆస్పత్రిలో కన్నుమూసినప్పుడు నర్సు వచ్చి, ఆచారం ప్రకారం ఆత్మ బయటికి పోవడానికి కిటికీ తీయమంటారా అంటే సరేనంది. పాస్టరు ఎంచిన కీర్తనలకు సరేనంది. అంత్యక్రియల తర్వాత వచ్చినవాళ్ళకి పెట్టే శాండ్‌విచ్ కేకులో సాల్మన్ చేప వేయాలా, రొయ్యలా అని అడిగితే ఏదైనా సరేనంది. ఏడుపు మాత్రం రాలేదు. దుఃఖం లోపలెక్కడో ఉందేమోనని వెతుక్కుంది. అక్కడా లేదు. పన్ను పీకించుకున్నాక దవడ మొద్దుబారినట్టు మనిషంతా మొద్దుబారిపోయింది. తనలోనే ఏదో లోపం ఉందనుకుని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

హాల్వర్‌కి ఎనభై నాలుగేళ్ళు. రెండు కళ్ళలోనూ నడిమధ్యన నల్లటి మచ్చ పడింది. పక్కలున్నవి కనిపిస్తాయి, సూటిగా చూసింది కనిపించదు. కంట్లో సూదిమందు వేయించడానికి కూతురు తన ఊరికి తీసుకుపోతోంది. చలికాలమంతా అక్కడే ఉంటాడు. డాక్టరు పెద్దగా ఆశ పెట్టలేదు.

ఇక ఎలుగు సంగతి. ఆ ఎలుగు లేకపోతే హాల్వర్ లేడు. 1967 వేసవిలో మేరెట్ కొండమీది పాకల దగ్గర ఆవుల్నీ మేకల్నీ మేపుకుంటూ, పాలు పితికి జున్ను కాస్తూ ఉండేది. ఆ పని తరతరాలుగా ఆడవాళ్ళదే. మగవాళ్ళు కింద గడ్డి కోతల్లో ఉంటారు. హాల్వర్ పైకి ఉప్పు మూట మోసుకెళ్ళిన రోజునే ఎలుగు వచ్చి మంద మీద పడింది. హాల్వర్ పాకలో ఉన్న మామగారి పాత తుపాకీ అందుకుని ఒక్క గుండుతో కూల్చాడు. ఇదీ కథ. యాభై ఏడేళ్ళుగా ఊళ్ళో ఎవరింట కాఫీ కాచినా ఈ కథ కూడా కాగేది. ఎలుగు ఏటా జానెడు పెరిగేది, కోరలు అంగుళం పెరిగేవి. కోతలు కోస్తే కోశాడు గానీ ఫలితం మాత్రం నికరంగా దక్కింది. ఊరి వేటబృందంలో పెద్దవాళ్ళని దాటుకుని జంతువు కోసం కాపు కాసే మంచి చోటు ఇచ్చారు. పదేళ్ళకు బృందానికి నాయకుణ్ణి చేశారు. ముప్ఫయ్యేళ్ళు ఆ పదవి దిగలేదు. ఎలుగుని తీసేస్తే ఆయన దగ్గర చెప్పుకోడానికి ఏడు ఆవులూ ఒక ట్రాక్టరూ మిగులుతాయి.

మేరెట్ మాత్రం కథ తుపాకీ పేలే చోటికి వచ్చేసరికి కెటిల్ తేవడానికి లేచేది. విని విని విసుగెత్తిందనుకునేవాళ్ళు అందరూ. తూరున్ కూడా అలాగే అనుకుంది.

ఎలుగుని ఎవరు కాల్చినా కళేబరం ప్రభుత్వానిదే. కాబట్టి పట్నం పట్టుకుపోయి, తోలు వొలిచి, లోపల పీచు కూరి మ్యూజియంలో నిలబెట్టారు. హాల్వర్ ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. అడిగితే ఆవులనేవాడు, గడ్డి అనేవాడు. పాతికేళ్ళ పెళ్ళిరోజుకి మేరెట్ తనంతట తాను వెళదామంటే, సోమవారాలు మూసేస్తారన్నాడు. వాళ్ళ పెళ్ళిరోజు ఆ ఏడు గురువారం పడింది.

బయట చినుకులు. మ్యూజియం గుమ్మంలో టికెట్లిచ్చే ఆవిడ అల్లిక పక్కన పెట్టి తలెత్తింది.

"ఏం చూద్దామని వచ్చారు పెద్దాయనా?"

"ఎలుగు," అన్నాడు హాల్వర్.

తూరున్ ఆగింది. ఇక్కడ కథ మొదలవుతుందని, కనీసం ఇరవై నిమిషాలు పడుతుందని తెలుసు. రైల్లో టికెట్ కలెక్టరుకి చెప్పాడు, కంటి డాక్టరుకి చెప్పాడు, ఆఖరికి శవపేటిక అమ్మే ఆయనకి కూడా చెప్పాడు. కానీ ఈసారి హాల్వర్ టోపీ తీసి చంకలో పెట్టుకుని లోపలికి నడిచాడు. అలసిపోయి ఉంటాడనుకుందామె.

లోపల పాతకాలపు చెక్క బీరువాలు, అద్దాల వెనక పక్షులు, నాఫ్తలీన్ వాసన. పైకప్పు నుంచి తిమింగిలం ఎముకలు వేలాడుతున్నాయి. సీసాల్లో పాలిపోయిన పాములు, పిండాలు. ఎక్కడా మనుషుల అలికిడి లేదు. హాల్వర్ కర్ర తాటిస్తూ, తల పక్కకి తిప్పి ఓరచూపుతో అన్నీ చూస్తూ వచ్చాడు.

"బాగుందే. అందరూ నీలాగే ఉన్నారు," అన్నాడు. "కళ్ళు తెరుచుకుని, ఉలుకూ పలుకూ లేకుండా."

"నేను బానే ఉన్నాను నాన్నా."

"అదే అంటున్నా. వీళ్ళూ బానే ఉన్నారు."

తూరున్‌కి ఆ మాట తగలాల్సింది, తగల్లేదు. ఆయన మోచెయ్యి పట్టుకుని తోడేళ్ళనీ, లింక్స్ అడవిపిల్లుల్నీ దాటించి హాలు చివరికి తీసుకెళ్ళింది.

ఎలుగు అక్కడుంది. నాలుగు కాళ్ళ మీదే నిలబడి, ఒక పంజా కొద్దిగా ఎత్తి ఉంది. కిటికీ వెలుగు పడీ పడీ బొచ్చు ఎండుగడ్డి రంగుకి తిరిగింది. మూతి కుట్టినవాడు ఏ ధ్యాసలో ఉన్నాడో, అది చిన్నగా నవ్వుతున్నట్టుంది. కథలో అది వెనక కాళ్ళ మీద లేస్తే పాక కప్పు కంటే ఎత్తు. ఇక్కడ తూరున్ నడుము దాకా వచ్చింది.

"చిన్నదే నాన్నా," అంది.

"కుట్టేటప్పుడు కుదించుంటారు."

చాలాసేపు చూశాడు. చూస్తున్నది మచ్చనో ఎలుగునో ఆయనకే తెలియాలి. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"కింద చీటీ ఉంటుంది. చదువు."

ఇత్తడి చట్రంలో పసుపుపచ్చబడిన అట్టముక్క, టైపు అక్షరాలు. తూరున్ వంగింది.

"'ఎలుగుబంటి. ఆడది. వయసు సుమారు నాలుగేళ్ళు.'" ఆమె ఆగింది. కథలో అది ముసలి మగ ఎలుగు. హాల్వర్ కర్రతో నేల తట్టాడు.

"తర్వాత."

"'బరువు తొంభై రెండు కిలోలు. 1967 ఆగస్టు 3.' మన కొండ పేరుంది."

"తర్వాత."

తర్వాతి వరస తూరున్ లోపల్లోపల చదివింది. మళ్ళీ చదివింది. *కాల్చినవారు: గృహిణి మేరెట్ హెడ్లుండ్.*

ఎవరో గుమాస్తా పొరపాటు అనుకుంది ముందు. ఆ తర్వాత కెటిల్ కోసం లేచే తల్లి గుర్తొచ్చింది. అప్పుడు సంగతి అర్థమైంది. అర్థమైనా ఏమీ అనిపించలేదు. ఎవరో పక్కింటివాళ్ళ గురించి పేపర్లో చదివినట్టుంది. అమ్మ ఎలుగుని కాల్చింది. సరే. ఇప్పుడు టోపీ చంకలో పెట్టుకుని నిలబడ్డ ఈ ముసలాయనకి ఏం చదివి వినిపించాలి అన్నదొక్కటే మిగిలింది. భార్య పోయింది, చూపు పోతోంది, ఎల్లుండి కంట్లో సూది. మిగిలింది ఈ ఎలుగొక్కటే. అదీ లాగేసుకుంటే ఇక మనిషి ఏమవుతాడు?

"'కాల్చినవారు: హాల్వర్ హెడ్లుండ్,'" అని చదివింది. గొంతు ఏమాత్రం తొణకలేదు. మొద్దుబారడం వల్ల ఆ ఉపయోగం ఒకటుంది.

హాల్వర్ కర్రని ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"నీకు అబద్ధం ఆడ్డం చేతకాదు తల్లీ. ఉన్నది చదువు."

"అదే ఉంది నాన్నా."

"అది ఉండదు. ఆ ఫారం నింపింది నేనేగా."

తూరున్ ఆయన వైపు చూసి, మళ్ళీ వంగి, ఉన్నది ఉన్నట్టు చదివింది. ఇంకోసారి చదవమన్నాడు. ఇంకోసారి చదివింది.

"నేను పాక కప్పు మీదున్నాను," అన్నాడు. "ఎలుగు రాగానే ఉప్పు మూట పారేసి ఎక్కేశాను. ఎలా ఎక్కానో ఇప్పటికీ తెలీదు. మీ అమ్మ లోపలికెళ్ళి తుపాకీ తెచ్చింది. ఒక్కటే గుండు. తర్వాత దిగమంది. దిగడానికి నిచ్చెన వేసింది కూడా తనే."

"మరి ఊళ్ళో..."

"కిందకొచ్చేటప్పుడు తుపాకీ నా చేతిలో ఉంది. తనకి రెండు చేతుల్లో పాలక్యాన్లు. గడ్డి కోసేవాళ్ళంతా పరిగెత్తుకొచ్చి నా వీపు చరిచారు. కాదనడానికి నోరు తెరిచేలోపు నన్ను భుజాల మీదకెత్తారు. మీ అమ్మ సాయంత్రం అంది, పోనీలే, అలాగే అనుకోనీ, నాకెందుకీ తుపాకీ గొడవలు అని."

"మరి ఈ కాగితం?"

"మర్నాడు పోలీసాయన ఫారం తెచ్చాడు. కాల్చినవారి పేరు అని గడి. కలం పట్టుకుని అరగంట కూర్చున్నాను. ఎలా రాస్తాను చెప్పు. ప్రభుత్వ కాగితం అది."

"ఊరంతటికీ చెప్పావు కదా."

"ఊరి సంగతి వేరు. ఊళ్ళో అన్నదానికి కింద సంతకం పెట్టక్కర్లేదు."

ఆ కొండ ఊళ్ళ వాళ్ళంతే. కాఫీ ముందు కూర్చుంటే పిల్లిని పులి చేస్తారు. ముద్ర కొట్టిన ఫారం ముందు కూర్చుంటే చెమటలు పడతాయి, అసలు పుట్టిన తేదీ దగ్గర్నుంచి మొత్తం నిజమే రాస్తారు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్న మనిషి, ఆ చెట్టు ఎవరిదో మాత్రం తన చేత్తోనే రాసిచ్చాడు.

"ఆ పోలీసాయన ఎవరితోనూ అనలేదా?"

"ఫారంలో ఉన్నది బయట చెప్పడం తప్పు కాదూ?" అన్నాడు హాల్వర్, కూతురికి ఆమాత్రం తెలియనందుకు నొచ్చుకుంటూ. "మీ అమ్మా ఎత్తలేదు. యాభై ఏడేళ్ళు. కోపం వచ్చినప్పుడైనా దెప్పలేదు. ఒక్కసారి దెప్పినా బావుండేది."

"నన్నెందుకు తీసుకొచ్చావు?"

"నోటితో నీకు చెప్పలేను. నువ్వే చదివితే నీకే తెలుస్తుందనుకున్నాను. నా కళ్ళు కూడా పోతే నిన్నిక్కడికి తీసుకొచ్చేదెవరు?"

ఇంతలో పక్క హాల్లోంచి ఒక జంట వచ్చింది. నడివయసు మనుషులు, వాన కోట్లు తడిసి ఉన్నాయి. తూరున్ తండ్రిని పక్కకి జరిపింది. ఆ జంటలో భర్త ఎలుగు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చీటీ చదివి, నవ్వాడు.

"చూశావా, కాల్చింది గృహిణి అట. టైపు కొట్టినవాడెవడో గడి తప్పాడు."

"ఏం, ఆడవాళ్ళకి వేళ్ళుండవా?" అంది భార్య.

"వేళ్ళున్నంత మాత్రాన..." అంటూ అతను హాల్వర్ వైపు తిరిగాడు. మొహం చూసి కొండ మనిషని పోల్చుకున్నట్టున్నాడు. "మీరు చెప్పండి పెద్దాయనా. ఇలాంటిదాన్ని ఇంటావిడ కాల్చగలదంటారా?"

తూరున్ తండ్రి మోచెయ్యి వదిలేసింది. ముప్ఫయ్యేళ్ళు వేటబృందాన్ని నడిపిన మనిషి ఒక పరాయివాడి ముందు తడుముకుంటూ నిలబడ్డాడు. తప్పించుకోవాలంటే ఎంతసేపు. ఏమో బాబూ, పాతకాలం సంగతులు, అంటే అయిపోయేది.

"కాల్చింది," అన్నాడు హాల్వర్. "మా ఆవిడే. నేను భయపడి పాక కప్పెక్కాను. అక్కణ్ణుంచి చూశాను."

అతని నవ్వు ఆగిపోయింది. "అలాగా. ఆవిడ కూడా వచ్చారా?"

"పోయింది. ఆరు వారాలైంది."

అతను ఏదో గొణిగాడు. భార్య మాత్రం వంగి చీటీ మీది పేరు ఓపిగ్గా చదివింది. "మంచి గురి," అంది హాల్వర్‌తో. ఆయన తలాడించాడు. ఇద్దరూ తోడేళ్ళ వైపు వెళ్ళిపోయారు.

హాల్వర్ కూతురి వైపు తిరిగాడు. మొహంలో ఏదో తేటదనం. పరీక్ష రాసి బయటకొచ్చిన పిల్లవాడిలా ఉన్నాడు.

"చెప్పేశాను," అన్నాడు. "విన్నావుగా. చెప్పేశాను."

తూరున్ గుండెల్లో ఏదో వేడిగా కదిలింది. ఇన్నాళ్ళకి ఏడుపొస్తోందనుకుంది. ఏడుపు కాదు, కోపం. ఆరు వారాల్లో ఆమెకి మొదటిసారి ఏదైనా అనిపించిందంటే అదే. కాళ్ళూ చేతులూ తనవేనని అప్పుడు తెలిసింది.

"ఎవరికి చెప్పావు నాన్నా?" అంది. ఆమె గొంతు ఆ హాల్లో పెద్దగా వినిపించింది. "వాన పడుతోందని లోపలికొచ్చినవాళ్ళకి చెప్పావు. అమ్మ ఎదురుగా ఈ మాట ఒక్కసారి అన్నావా? పోనీ చివర్లోనైనా? ఆస్పత్రిలో మూడు రోజులు అమ్మ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నావు. తనకి అన్నీ వినబడుతున్నాయని నర్సు కూడా చెప్పింది. పక్కనే కూర్చున్నావు నాన్నా."

హాల్వర్ చంకలోంచి టోపీ తీసి పెట్టుకోబోయి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"చెప్పడానికే కూర్చున్నాను తల్లీ," అన్నాడు.