బెల్లానికి దొరికిన ఎండ

కేసముద్రం మార్కెట్ యార్డుకు పోయే తోవలో సోమేశ్వర్ మక్కజొన్నల దుకాణం ఉంది. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఇంటిని ఆనుకుని గోదాం. గింజల మీద వాన చుక్క పడకూడదని వాళ్ల నాయిన కాలంలోనే జానెడు జాగా వదలకుండా పైన రేకులు వేయించారు. ఆ ఇంట్లో పట్టపగలు కూడా లైటు వేసుకునే వంట చేయాలి. సోమేశ్వర్ భార్య కస్తూరికి ఆ చీకటి అలవాటైపోయింది. అలవాటు కానిదల్లా బెల్లానికే.

బెల్లం అంటే తాబేలు. ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందని మరిది వినయ్ హైదరాబాదులో కాగితాలతో సహా కొని తెచ్చి వదినె చేతిలో పెట్టాడు. పెట్టి తన దారిన తాను పోయాడు. అరచేతిలో బెల్లం ముద్దలా ఉందని కస్తూరి దానికి ఆ పేరు పెట్టింది. తాబేలు కదా అని ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి అందులో ఉంచింది. పాలన్నం పెట్టింది, ఉడికిన పప్పు పెట్టింది. పిల్లలకు పెట్టినట్టే దానికీ పెట్టింది. చలికాలం దాటేసరికి బెల్లం కళ్లు వాచి మూసుకుపోయాయి. డిప్పను వేలితో నొక్కితే తడిసిన అట్టలా లోపలికి పోతోంది.

కస్తూరి దాన్ని బుట్టలో పెట్టుకుని మహబూబాబాద్ పశువుల దవాఖానకు పోయింది. అక్కడి డాక్టర్ మౌనిక చిన్న వయసుది. ముందు కాగితాలు చూసింది. మన అడవుల్లో దొరికే నక్షత్ర తాబేలైతే ఇంట్లో పెంచడం నేరమనీ, ఇది బయటి దేశపుది కాబట్టి ఫరవాలేదనీ చెప్పింది. తర్వాత డిప్ప నొక్కి చూసి, "దీన్ని నీళ్లల్ల పెట్టమని ఎవరు చెప్పిన్రమ్మా?" అంది.

"ఎవ్వరు చెప్పలె డాక్టరమ్మా. తాబేలు గద అని పెట్టిన."

"గిది పొడి నేల మీద తిరిగేది. గడ్డి, ఆకులు తింటది. పాలు, అన్నం దీనికి పడయి. ఎండ తగలకనే డిప్ప మెత్తవడ్డది. మందు నేనిస్త గని, ఎండ మాత్రం మీరే చూసుకోవాలె."

కంట్లో వేసే చుక్కలు, క్యాల్షియం పొడి తీసుకుని కస్తూరి ఇంటికొచ్చింది. వచ్చింది గాని, ఎండ ఎక్కడినుంచి తేవాలి? దుకాణం ముందు పెడదామంటే లారీలు, ట్రాక్టర్లు, కుక్కలు. ఇంటి వెనక గోడ దగ్గర బకెట్ బోర్లించి ఎక్కి అవతలికి చూసింది. అవతల సారమ్మ వాకిలి. మందార చెట్టు, మునగ చెట్టు, ఓ మూలన నాగజెముడు పొద. వాకిలి నిండా పసుపు ఆరబోసినట్టు ఎండ.

కానీ ఆ ఇంటికి, ఈ ఇంటికి మాటల్లేవు. సారమ్మ అంగన్‌వాడీ టీచరు. గోదాంలో మక్కలు జల్లెడ పట్టినప్పుడల్లా పొట్టు దుమ్ము లేచి తాము ఆరేసిన బట్టల మీద పడుతోందని ఒకసారి వచ్చి చెప్పింది. "యాపారం చేసేకాడ దుమ్ము రాక పూలు రాల్తయా?" అన్నాడు సోమేశ్వర్. ఆమె వెనుదిరిగి వెళ్లిపోయింది. అప్పుడు తలుపు పక్కనే నిలబడిన కస్తూరి మొగుణ్ని ఆపలేదు.

ఆదివారం, చర్చి విడిచిపెట్టే వేళ దాటాక, కస్తూరి బుట్ట పట్టుకుని వీధంతా చుట్టి సారమ్మ గేటు ముందు నిలబడింది. లోపల ఆమె భర్త పౌలు నులక మంచంలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైనవాడు. ఇదివరకు తెల్లారకముందే లేచే మనిషి, ఇప్పుడు అన్నానికి పిలిచినా లేవట్లేదని వాడకట్టులో చెప్పుకునేవారు.

"అక్కా," అంది కస్తూరి. "మీరు మా ఇంటికొచ్చి అడిగిననాడు మేము మంచిగ మాట్లాడలె. ఇయ్యాల నేనే అడగనీకొచ్చిన. ఏమనుకోకున్రి. దీనికి జర ఎండ గావాలె."

సారమ్మ బుట్టలోకి వంగి చూసింది. మూసుకుపోయిన కళ్లు చూసి ప్చ్ అని నిట్టూర్చింది. "ఎండకేం కరువు మాకు? గేటుకాడ నిలవడి మాట్లాడుతరా ఎవరన్న? లోపటికి రా కస్తూరమ్మా."

మంచంలో పౌలు ఇటు తిరిగాడు. "ఏందది?" అన్నాడు. కస్తూరి తాబేలును అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయ్యో, ఎముక లేని లెక్కయింది గదనే," అని లేచి కూర్చున్నాడు. చెప్పులు ఎక్కడున్నాయని భార్యనడిగాడు.

ఆ సాయంత్రమే పౌలు, కస్తూరి ఫోను తీసుకుని డాక్టర్ మౌనికతో మాట్లాడి తాబేలుకు గూడు ఎట్లా కట్టాలో తెలుసుకున్నాడు. మందార చెట్టు పక్కన, పొద్దంతా ఎండ పడే జాగా చూసి మోకాలెత్తు ఇటుక గోడ కట్టాడు. తాబేలు తవ్వుకుని పారిపోతుందని గోడను జానెడు లోతునుంచి లేపాడు. లోపల మట్టి, ఇసుక కలిపి పరిచాడు. ఎండ ఎక్కువైతే దాక్కోవడానికి పగిలిన నీళ్ల గోలేన్ని అడ్డంగా పడుకోబెట్టి, పైన పాత పెంకులు కప్పాడు. కాకులు, కుక్కలు రాకుండా జాలీ మూత చేశాడు. నీళ్లకు లోతు లేని మట్టి మూకుడు పెట్టాడు. కస్తూరి రాత్రి చలికి వెచ్చగా ఉంటుందని గోనె సంచులు తెచ్చింది. రోజూ పొద్దున వచ్చి గోరువెచ్చని నీళ్లలో దాన్ని కాసేపు ఉంచేది. పౌలు నాగజెముడు మట్టలకు ముళ్లు గీకి ముక్కలు చేసేవాడు. సారమ్మ గరిక కోసుకొచ్చేది. బెల్లం ముందు మందారాకు కొరికింది. తర్వాత ఒక కన్ను తెరిచింది. ఆ కన్ను చూసిన పొద్దు కస్తూరి వంట సంగతి మరిచిపోయి అక్కడే కూర్చుంది.

"రోజు యాడికి పోతున్నవ్?" అని సోమేశ్వర్ అడిగినప్పుడు ఆమె దాచలేదు. అతను తిట్టలేదు గాని ముఖం ముడుచుకుని, చూస్తానని వెంట వచ్చాడు. పౌలు కట్టిన గూడు చుట్టూ తిరిగాడు. పెంకుల మీద, ఆకుల మీద పేరుకున్న పొట్టును వేలితో తీసి చూశాడు.

"గిదంత మన గోదాందేనా?"

కస్తూరే "మనదే" అంది.

ఆ వారంలోనే సోమేశ్వర్ జల్లెడ మిషన్‌ను రోడ్డువైపుకు మార్పించి, గోదాం వెనకవైపు తాడిపత్రి పట్టా కట్టించాడు. క్షమాపణ చెప్పడం అతనికి చేతకాదు. దానికి బదులు, కస్తూరి వీధంతా చుట్టి రావడం ఎందుకని, పౌలుతో కలిసి వెనక గోడలో ఇటుకలు తీయించి చిన్న తలుపు పెట్టించాడు.

వానాకాలం పడేసరికి బెల్లం పిడికిలంత అయి బలిసింది. గూట్లో చెమ్మ చేరకుండా పౌలు మట్టి పోసి నేల ఎత్తు చేశాడు. మళ్లీ మహబూబాబాద్ తీసుకుపోతే డాక్టర్ మౌనిక డిప్ప మీద వేలితో కొట్టింది. టక్కుమంది. "గిప్పుడు దీనికి నాతోని పనిలేదు," అని నవ్వింది.

ఆ సాయంత్రం కస్తూరి పూర్ణం పెట్టి బచ్చాలు చేసింది. కృతజ్ఞత ఎట్లా చెప్పాలో మనసులో అనుకుంటూ, డబ్బా పట్టుకుని కొత్త తలుపు దాటింది. లోపల ప్రార్థన జరుగుతోంది. అడ్డం పోకూడదని గడప దగ్గరే ఆగింది. సారమ్మ కళ్లు మూసుకుని ప్రార్థిస్తోంది.

"తండ్రీ, నీకు వందనాలు. మంచం వట్టిన మనిషిని లేపి పనిల పెట్టినవు. ఆ మూగజీవిని మా వాకిట్లకు పంపినవు. అడగనీకి సిగ్గువడకుండ మా కస్తూరమ్మను మా గేటుకాడికి తెచ్చినవు. ఆమె ఇల్లును, ఆమె పిల్లలను కాపాడు దేవా."

ఇన్ని నెలలుగా ఈ ఇంటికి తానొక్కతే రుణపడి ఉన్నానని కస్తూరి అనుకుంటూ వచ్చింది. తన పేరు మీద ఇక్కడ ఇంకొకరు చేతులు జోడిస్తారని ఆమెకు తోచనే లేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆమెన్" అని పౌలు కళ్లు తెరిచి ఆమెను చూశాడు. "గడపల నిలవడ్డవేంది బిడ్డా, రా," అని చాప మీద పక్కకు జరిగాడు. కస్తూరి లోపలికి వచ్చి కూర్చుంది. సారమ్మ పళ్లేలు, నెయ్యి గిన్నె తెచ్చింది. వేడి తగ్గని బచ్చాల మీద కస్తూరి నెయ్యి వేస్తుంటే, ముగ్గురూ ఇంటి మాటల్లో పడ్డారు.