మూడో నంబరు

అతని అసలు పేరుతో ఆ పేటలో ఎవరికీ పని పడలేదు. అందరికీ అతను మూడో నంబరే. కేబుల్ కంపెనీ పాత లైన్లు ఆపేసి అంతా డిజిటల్ చేస్తామన్నప్పటి నుంచీ, పాత టీవీలున్న ఇల్లిల్లూ తిరిగి సెట్‌టాప్ డబ్బాలు బిగించడం అతని ఉద్యోగం. బిగించడానికి పది నిమిషాలు, చెప్పడానికి గంట.

"టీవీని మూడో నంబరులో పెట్టి వదిలెయ్యండి. ఇక దాని జోలికి పోకండి. ఛానళ్ళన్నీ ఈ డబ్బా రిమోటుతోనే మార్చుకోవాలి."

అందరూ బుద్ధిగా తలూపేవారు. అతను మెట్లు దిగేలోపే ఎవరో ఒకరు పాత రిమోటు నొక్కి, తెర నిండా చుక్కలు తెప్పించుకుని, "మూడో నంబరూ, బొమ్మ పోయింది!" అని పైనుంచి కేకేసేవారు. మళ్ళీ ఎక్కేవాడు. తల ప్రాణం తోకకొచ్చేది. ఇంత చిన్న సంగతి మనుషుల బుర్రకెందుకు ఎక్కదో అతనికి అర్థమయ్యేది కాదు.

అతన్ని పెంచింది అక్క. తల్లి పోయేనాటికి అతనికి రెండేళ్ళు, ఆమెకి పద్నాలుగు. పెళ్ళయ్యాక కూడా తమ్ముణ్ణి వదల్లేదు, తనతోనే ఉంచుకుంది. బట్టలు కుట్టేది. మిషను తొక్కినంతసేపూ పాడేది. బావ బస్సు కండక్టరు, సరదా మనిషి. "రేడియోకైతే ఆపే మీట ఉంటుందిరా, మీ అక్కకి అదీ లేదు" అనేవాడు గానీ, డ్యూటీ దిగి వచ్చాక ఆమె ఒక్క పూట పాడకపోతే ఒంట్లో బాగాలేదా అని నుదురు తాకి చూసేవాడు.

ఇరవై ఏడో ఛానల్ వాళ్ళు మామూలు మనుషుల చేత పాడిస్తున్నారని తెలిసి, తమ్ముడే ఆమెని బలవంతాన తీసుకెళ్ళాడు. మూడు పాటలు పాడింది. ప్రసారం మాత్రం రెండు నెలల తర్వాతన్నారు. ఆ రెండు నెలల్లోనే గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. జలుబు కాదు. స్వరపేటిక తీసెయ్యాలన్నాడు డాక్టరు. మెడకి రంధ్రం పెడతారట, ఊపిరి అందులోంచే ఆడుతుందట. "మనిషి దక్కుతుంది. మాట దక్కదు" అన్నాడు. అప్పటికే ఆమె మాట్లాడితే గరుకు కాగితంతో చెక్క రుద్దినట్టుండేది. పాట ఎప్పుడో ఆగిపోయింది.

చూసి చూసి ప్రసారమూ ఆపరేషనూ ఒకే రోజు పడ్డాయి. ముందు రోజు ఆస్పత్రిలో చేరుతూ అక్క అతని చెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్, ఆ పాటలు జాగ్రత్తగా టేపులో పట్టి ఉంచరా. నా గొంతు ఇంకెక్కడా లేదు."

"నువ్వు నిశ్చింతగా ఉండక్కా. ఇది నా పనే కదా."

మర్నాడు పొద్దున్న వీసీఆర్‌లో కొత్త టేపు పెడుతుండగా బావ ఫోను. "గంట ముందే లోపలికి తీసుకెళ్తారట. నువ్వు కనిపిస్తేగానీ కదలనంటోంది. తొందరగా రా." డబ్బాలో ఇరవై ఏడు పెట్టాడు. వీసీఆర్‌లో పదకొండు గంటలకి మొదలవ్వాలని టైము పెట్టాడు, ఛానల్ పెట్టాడు. పరుగెత్తాడు. స్ట్రెచరు తలుపు దాటేముందు అక్కకి బొటనవేలు చూపించాడు. ఆమె నవ్వింది.

ఆపరేషను బాగానే జరిగింది. అయిదో రోజున బట్టల కోసం ఇంటికొచ్చి, ఒక్కసారి విందామని టేపు వేశాడు. తెర నిండా చుక్కలు. సుయ్యిమని ఒకటే రొద. వీసీఆర్ ముందు భాగాన ఎర్రగా ఇరవై ఏడు అంకె వెలుగుతోంది.

డబ్బా ఏ ఛానల్‌నైనా మూడో నంబరు మీదే పంపుతుంది గనక, అది వచ్చాక వీసీఆర్ కూడా మూడులోనే ఉండాలి. కొన్ని వందల ఇళ్ళలో చెప్పిన మాట. పదిహేనేళ్ళుగా ఏ ఛానల్ పట్టాలంటే ఆ అంకె నొక్కిన చెయ్యి, ఆ పొద్దున్న కంగారులో తన అలవాటు ప్రకారం తను నొక్కేసింది. ఎక్కడో ఒక మూల పాట తగులుకుని ఉండదా అని అరగంట టేపూ కదలకుండా చూశాడు. లేదు. తన చేతులంటే అతనికి అసహ్యం వేసింది.

ఛానల్ ఆఫీసుకి పరుగెత్తాడు. బల్ల దగ్గరి అమ్మాయి మంచిదే, ఓపిగ్గా వింది. "మేం దాచమండీ. ఆ టేపు మీదే ఇంకో ప్రోగ్రాం తీసేశారు. ఇంట్లో రికార్డు చేసుకోమని అందరికీ ముందే చెప్తాం కదండీ" అంది. మీకు డబ్బా లేదా అని అడిగింది.

బావకి ఆస్పత్రి వరండాలో చెప్పాడు. తిడతాడని చూశాడు, తిట్టినా బాగుండేది. బావ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంకెవరైనా అయితే తెలియక చేశారనుకునేవాణ్ణిరా" అన్నాడు.

మూడు వారాలకి అక్క ఇంటికొచ్చింది. మెడకి తెల్లటి గుడ్డ, ఒళ్ళో పలక. రావడం రావడమే టీవీ ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, వేలితో చూపించింది. పెట్టమని.

అతను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. ఆమె నల్లటి తెరకేసే చూస్తూ వింది. తర్వాత అతని వైపు తిరిగి, గొంతు లేదన్న సంగతి మరిచిపోయి, మాట్లాడింది. ఒక మాట కాదు, చాలా మాటలు. పెదాలు గబగబా కదిలాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏంటక్కా? ఏమంటున్నావు?"

పలక ఆమె చేతిలో పెట్టాడు. బలపం ఇచ్చాడు. ఆమె పలకని పక్కన పెట్టేసి గోడవైపు తిరిగింది.

తిట్టిందో, ఓదార్చిందో అతనికి తెలియదు. ఆ తర్వాత ఎన్నోసార్లు అడిగాడు. మిగతావన్నీ రాస్తుంది, మంచినీళ్ళూ, మందులూ, బావ ఎప్పుడొస్తాడూ. అది మాత్రం ఇప్పటికీ రాయలేదు.