కోమలి అడిగిన కత్తెర

గురప్ప స్టూడియో తిరుచానూరు రోడ్డులో, మిక్సీలు రిపేరు చేసే అంగడి పైన ఉండాది. పిల్లోళ్ళ కోసం కాకి, కుందేలు బొమ్మల కథలు చేసి పంపడం ఆడ జరిగే పని. పొద్దున్నే మెట్లెక్కి, చెప్పులు బయట విడిచి, కంప్యూటరు ముందు కూచుని కాకి ముక్కు తెరిపించాల, మూయించాల. ఎన్ని బొమ్మలు గీస్తేనో గానీ ఆ ముక్కు ఒకసారి కదలదు. చూసేవాళ్ళకు అది రెప్పపాటు. గీసేవాళ్ళకు నడుం పడిపోతాది.

సాయంత్రం ఐదుకు పంపాల్సిన పని నాలుగున్నరకు ఇంకా సగంలోనే ఉంటే గురప్ప ఏం చేసేవాడంటే, తెర అడుగున పట్టీ మాదిరి ఉండే టైమ్‌లైను కొసను మౌసుతో పట్టుకోని కుడిపక్కకు లాగేవాడు. అంతే, స్టూడియోలో టైము సాగేది. బయట రోడ్డు మీద అదే నాలుగున్నర, లోపల మాత్రం పని అయ్యేదాకా రోజులకు రోజులు. ముందుచూపు గల మనిషి, వెనక గదిలో బియ్యం మూట, మామిడికాయ ఊరగాయ జాడీ పెట్టించినాడు. పని ముగించి కిందికి దిగేసరికి మొగోళ్ళకు గడ్డాలు పెరిగుండేవి, ఆడోళ్ళ జాకెట్లు వదులైపోయుండేవి. మిక్సీల ధనంజయ తలెత్తి చూసి, "ఈరోజు బాగా లాగినట్టుండాడే మీ గురప్ప" అనేవాడు. మళ్ళీ స్క్రూలు బిగించుకునేవాడు. మగ్గం తొక్కేవాళ్ళకు మోకాళ్ళు పోతాయి, బొమ్మలు గీసేవాళ్ళకు వయసు పోతాది, అని అందరూ ఎప్పుడో సర్దుకున్నారు. ఎవరైనా సెలవు అడిగితే గురప్ప గోడ గడియారం చూపించేవాడు. "అరగంటే గదప్పా పని చేసినావు, దానికే సెలవా?" అనేవాడు, మహానుభావుడు!

కోమలిది నగరి. నాయన ఎల్లప్ప మరమగ్గం నడుపుతాడు. సర్టిఫికెట్టు ప్రకారం కోమలికి ఇరవై నాలుగు, చూస్తే నలభై. ఒకసారి ఇంటికి పోయినప్పుడు, పక్కింట్లో కొత్తగా దిగిన ఆవిడ కోమలినీ చెల్లెలు మహితనూ మార్చి మార్చి చూసి, "మీ అమ్మాయా?" అనింది. మహిత నవ్వింది. కోమలి కూడా నవ్వి, పెరట్లోకి పోయి ఏడ్చింది. ఎందుకేడవదు? అన్నేళ్ళ వయసు పోయినా ఆమె ఒక ఊరు చూడలేదు, ఒక తిరునాళ్ళకు పోలేదు. కుర్చీలో కూచుని కాకిని గీసింది.

ఆ కుర్చీ వల్ల ఆమెకు దొరికిన మంచి ఒకటే, ఇమ్మానుయేల్. పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఇంటి పిల్లోడు, కాకికి గొంతు ఇచ్చేవాడు. మైకు ముందు ఒక్కడే కూచుంటే మాటకు ప్రాణం రాదని, ఎదురుగా కూచుని కుందేలు మాటలు చదవమని కోమలిని పిలిచేవాడు. కోమలి పెన్ను కిందపెట్టి పోయేది. పెన్ను కిందపెడితే అది పని కాదని గురప్ప రూలు, కాబట్టి ఆ టైము ఆమె పని కింద యాడా ఎక్కేది కాదు. ఇమ్మానుయేల్‌కు మాత్రం మైకు ముందు కూచున్నదంతా పనే. వాళ్ళు నవ్వుకున్నదీ, కొట్లాడుకున్నదీ, ఆఖరికి అతను "నన్ను చేసుకుంటావా?" అని అడిగిందీ ఆ మైకు ముందరే. తన గొంతు పని కాగానే మెట్లు దిగి పోయేవాడు గాబట్టి, అతనికి వయసు పెద్దగా పైన పడలేదు.

"ఆదివారం మాయమ్మను పిల్చుకోని వస్తా," అన్నాడు ఒకరోజు. "ఎవరు, ఏంది ఇంకా చెప్పలేదు. నిన్ను చూపించే చెప్తా."

"మీయమ్మ నన్ను చూసి తన చెల్లెలనుకుంటాది."

"అనుకోనీ. ఆమెకు నేను చెప్పుకుంటా గదా. నువ్వు ఎట్లుండావో అట్లే రా."

ఎంత మంచి మాట! కోమలికి నమ్మకం కలగలేదు. రోజూ అద్దం చూసుకునేది ఆమె గదా, అతను కాదు.

ఆ బొమ్మల సాఫ్ట్‌వేరు చేసే కంపెనీవాళ్ళు కొత్తది తెచ్చే ముందు, మీకింకా ఏమేం కావాలో చెప్పండని వాడేవాళ్ళనందరినీ అడుగుతారు. గురప్ప, మళ్ళీ గీసే పని లేకుండా కాకి చుట్టూ తిరిగొచ్చే కెమెరా కావాలన్నాడు. ఇంకొకరు, దగ్గరికి పోయేటప్పుడు ఎగిరిపడని కెమెరా చాలన్నారు. కోమలి టైమ్‌లైనుకు ఒక కత్తెర అడిగింది. బొమ్మ బొమ్మగానే ఉండాల, దాన్ని చేయడానికి పట్టిన టైము మాత్రం చేసినవాళ్ళ మీద నుంచి కోసేయాల.

శుక్రవారం కొత్తది వచ్చింది. కత్తెర ఉండాది.

"నేనడిగిన కెమెరా ఇయ్యలేదు సూడు, దొంగనాయాళ్ళు!" అని గురప్ప విసుక్కున్నాడు. "నీది మాత్రం ఇచ్చినారే. పలుకుబడి ఉండాదమ్మా నీకు."

మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ వెనక గదికి పోయినాక, కోమలి పాత కథల్లో తను చేసిన కాకి భాగమంతా ఉండే పెద్ద ఫైలు తెరిచింది. అందులో పట్టీలు రెండే. పైన ఆమె గీసిన బొమ్మలు, కింద ఇమ్మానుయేల్ గొంతు. పట్టీ పట్టీకి పక్కన చిన్న తాళం గుర్తు ఉంటాది. ఒక పట్టీని కోసేటప్పుడు రెండోదానికి తాళమేసుకోవాల, లేకుంటే కత్తెర రెండింటినీ కోస్తాది. పని నేర్చుకునేవాళ్ళకు మొదటిరోజే చెప్పే మాట ఇది. కానీ గురప్ప స్టూడియోలో తాళమేస్తే ఒప్పుకోడు. ఆయనకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఎవరి పనిలో బడితే వాళ్ళ పనిలో వేలు పెట్టాల. తాళం కనబడిందంటే, "ఈడ దొంగలుండారా?" అని ఎగిరేవాడు. ఆయన తిట్లకు జడిసి తాళం గుర్తు వైపు చూడటమే మానేసినారు అందరూ. కోమలి కూడా చూడలేదు. తన పట్టీని మొదటి నుంచి కొస దాకా పట్టుకోని కోసేసింది.

నడుం నొప్పి పోయింది. కళ్ళ ముందు మసక పోయింది. జడ ముందుకేసుకుని చూస్తే ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఎన్ని కాకుల్ని గీసిందో మరిచిపోయింది, దానికి బాధేమీ లేదు. కుందేలు మాటలు గుర్తున్నాయి, ఎదురుగా కూచుని ఇమ్మానుయేల్ నవ్విన నవ్వు గుర్తుండాది. సంతోషంలో ఫైలు సేవ్ చేసి మూసేసింది. మూసేసిన ఫైలులో చేసిన పనిని వెనక్కి తీసుకునే దారి ఉండదు. అదీ మొదటిరోజే చెప్తారు.

కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఇమ్మానుయేల్! భుజాన పెద్ద బ్యాగు ఉండాది. కోమలి పరిగెత్తి ఎదురుపోయింది. "ఎట్లుండాను?" అని అడిగింది, నవ్వు ఆపుకోలేక.

అతను ఆమె వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసినాడు. "బాగుండారు మేడం. గురప్ప సార్ ఉండాడా?"

ఎగతాళి చేస్తున్నాడనుకుంది. "ఆదివారం మీయమ్మను పిల్చుకోని వస్తానంటివే?"

"మాయమ్మనా?" అతను నొచ్చుకోకుండా, మర్యాదగా అడిగినాడు. "ఎందుకు మేడం?"

కోమలికి తాళం గుర్తు అప్పుడు కళ్ళ ముందు ఆడింది. కింది పట్టీ కూడా తెగింది, మైకు ముందర అతను కూచున్న టైమంతా దాంతోనే పోయింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యో దేవుడా, ఏం పని చేసినాను నేను!

గురప్ప చెయ్యి కడుక్కోని, తుండుతో తుడుచుకుంటా వచ్చినాడు. "ఏమప్పా, బ్యాగుతో దిగినావు?"

"చెప్పి పోదామని వచ్చినా సార్. మెడ్రాసులో డబ్బింగు స్టూడియోవాళ్ళు ఎన్నాళ్ళ నుంచో పిలస్తా ఉండారు. ఇన్నాళ్ళు ఎందుకు పోకుండా ఈడనే కూచున్నానో నాకే తెలీదు. పొద్దుటి దాకా పోయేది లేదనే అనుకుంటా ఉన్నట్టు గుర్తు. ఇందాక భోంచేస్తా ఉంటే అనిపించింది, ఈడ నాకెవరుండారని? రేణిగుంటలో రైలు ఉండాది, పోతా సార్."

"ఒక్క నిమిషం," అనింది కోమలి. "కూచో. కూచోండి. టీ తాగి పోండి."

"వద్దు మేడం, రైలు తప్పిపోతాది."

అతను వెనక్కి తిరిగినాడు. ఇంకా గడప లోపలే ఉండాడు. గడప లోపల ఉన్నంతసేపూ స్టూడియో టైము అతనిది కూడా. కోమలి గురప్ప చెయ్యి పట్టుకుంది. ఆ టైమ్‌లైను కొసను లాగే అధికారం ఆయన కంప్యూటరుకే ఉండాది. తన వయసంతా మింగిన ఆ లాగుడు కోసం అంతగా బతిమాలతానని ఆమె కలలో కూడా అనుకోలేదు.

"సార్, లాగండి సార్! ఒక్కరోజు, ఒక్క పూట లాగండి. మొత్తం నేనే గీస్తా. మీరేం చెప్తే అది గీస్తా. అతను గడప దాటేలోపల లాగండి సార్!"

గురప్ప ఆశ్చర్యంగా చూసినాడు. తర్వాత జాలిపడి, పెద్ద మనసుతో నవ్వినాడు.

"ఏం లాగాలమ్మా? ఈరోజు పంపాల్సిందేమీ లేదు. రోజూ సతాయిస్తాడు గురప్ప, సతాయిస్తాడు గురప్ప అంటారు గదా. పో, ఈ ఒక్కరోజన్నా తొందరగా ఇంటికి పో," అని తన కంప్యూటరు ఆపేసినాడు.

ఇమ్మానుయేల్ చెప్పులు వేసుకోని మెట్లు దిగినాడు. కింద ఆటో స్టార్టయింది.